గ్యాస్ కొట్టించే ముందు లీకు పట్టండి

కారు ఏసీలో గ్యాస్ అరిగిపోయేది కాదు. పెట్రోలులాగా వాడేకొద్దీ ఖర్చయ్యే సరుకు అసలే కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరిగిందే తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ షాఫ్టు సీలు దగ్గర, రబ్బరు గొట్టాల గోడల్లోంచి ఏడాదికి కొన్ని గ్రాములు పోతాయి, నిజమే. ఆ మాత్రానికి కొన్నేళ్ళ దాకా చల్లదనంలో తేడా తెలియదు. అలాంటిది "ప్రతి వేసవికీ ఒకసారి గ్యాస్ కొట్టించుకోవాలి మాస్టారూ, మామూలే" అని ఎవరైనా అంటున్నారంటే, మీ కారులో ఎక్కడో లీకు ఉందన్నమాట. దాన్ని వెతికే ఓపిక ఆయనకి లేదన్నమాట.

నేను గుడివాడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను, మెకానిక్‌ని కాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న వ్యాగన్ ఆర్ ఒకటి ఉంది. కొన్న దగ్గర్నుంచీ ఏటా ఏప్రిల్ వచ్చేసరికి వెంట్లలోంచి వేడిగాలి కొట్టడం, ఓ షాపుకి తీసుకెళ్ళి గ్యాస్ నింపించడం, దసరా దాటేసరికి మళ్ళీ మొదటికే రావడం. అడిగితే "పాత బండి కదండీ" అనేవాళ్ళు. చివరికి ఓ ఆదివారం బానెట్ ఎత్తి నేనే కూర్చున్నాను. లీకు రెండు చోట్ల తేలింది. ఒకటి గ్యాస్ ఎక్కించే వాల్వు పిన్ను, రెండోది కండెన్సర్ (గ్యాసు వేడిని బయటికి వదిలే ముందు జాలీ) జాయింట్‌లోని ఓ-రింగ్, అంటే సందు మూసే గుండ్రటి రబ్బరు రింగు. రెండూ చిల్లర డబ్బులతో వచ్చే సామాన్లే. ఆ తర్వాత మా బావమరిది బండి, కాలేజీలో తోటివాళ్ళ బండ్లు కూడా నా చేతిమీదుగా వెళ్ళాయి. ఇంట్లో ఏది చేసుకోవచ్చో, ఏది షాపుకి వదిలేయాలో ఆ అనుభవంతో రాస్తున్నాను.

కారేది నీళ్ళా, గ్యాసా?

"కారు కింద కారుతోంది, ఏసీ లీకు" అని కంగారుపడేవాళ్ళలో సగం మందికి అసలు లీకే ఉండదు. ఏసీ నడుస్తున్నప్పుడు లోపలి కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరై దిగుతుంది. అది సన్నటి డ్రెయిన్ పైపు ద్వారా ఎడమవైపు సీటు కింది భాగం నుంచి బయటికి కారుతుంది. అదే మంచి లక్షణం. వేసవిలో గంటసేపు ఏసీ వేసినా కారు కింద చుక్క నీరు కూడా పడకపోతేనే ఆలోచించాలి.

ఆ నీళ్ళే లోపల, ముందు ఎడమ సీటు కాళ్ళ దగ్గర మ్యాట్ కింద చేరుతుంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టు. దుమ్ము, ఎండుటాకుల పొడి, ఒక్కోసారి పురుగు గూడు అడ్డం పడుతుంది. కారు కిందినుంచి ఆ రబ్బరు గొట్టం దొరకబుచ్చుకుని, మెత్తటి ప్లాస్టిక్ తీగతో మెల్లగా పొడిస్తే గ్లాసుడు నీళ్ళు బుడబుడా దిగుతాయి. ఇనప చువ్వ వద్దు, పైన ఉన్నది అల్యూమినియం కాయిల్. ఈ పనికి గ్యాసుతో సంబంధమే లేదు.

ఇక చల్లదనం తగ్గడానికి లీకు ఒక్కటే కారణం కూడా కాదు. గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. నల్లగా దిండులా ఉంటే అది మార్చండి. ఏసీ వేసినప్పుడు ముందు రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందా, కంప్రెసర్‌ని ఇంజన్ బెల్టుకి కలిపే క్లచ్ 'టక్'మని అంటుకుంటోందా చూడండి. ఫ్యాను తిరగకపోతే రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు చల్లగాను, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాను వస్తుంది. క్లచ్ అంటుకుని వెంటనే వదిలేస్తూ, మళ్ళీ అంటుకుంటూ ఉంటే గ్యాస్ తక్కువై ఉండొచ్చు. అసలే అంటుకోకపోతే గ్యాస్ బొత్తిగా లేకపోవచ్చు, ఫ్యూజో రిలేనో కూడా పోయి ఉండొచ్చు. గ్యాస్ పీడనం మరీ పడిపోతే కంప్రెసర్ పాడవకుండా ప్రెషర్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది. దాన్ని వైరుతో షార్టు చేసి కంప్రెసర్‌ని బలవంతంగా తిప్పేవాళ్ళున్నారు. ఆ పని చేయకండి. గ్యాసుతో పాటే ఆయిల్ తిరుగుతుంది. గ్యాస్ లేకపోతే కంప్రెసర్‌కి ఆయిలూ అందదు.

ముట్టుకునే ముందు

బానెట్ కింద స్టిక్కర్ ఒకటి ఉంటుంది. ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అన్నది దాని మీదే రాసి ఉంటుంది. మన దగ్గర తిరిగే కార్లలో ఎక్కువ భాగం ఆర్-134ఎ. చిన్న కార్లలో సాధారణంగా 350 నుంచి 500 గ్రాముల మధ్య పడుతుంది. మీకు ప్రమాణం మాత్రం మీ స్టిక్కరే, పక్కవాడి బండి కాదు. స్టిక్కర్ మీద ఆర్-1234వైఎఫ్ అని ఉంటే అక్కడే ఆగండి. అది కొంచెం మండే స్వభావం ఉన్న గ్యాసు, కప్లింగులు వేరు, ధరా ఎక్కువే. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లయితే బానెట్ మూసేయండి. వాటిలో చాలావాటి కంప్రెసర్ హై వోల్టేజీ మీద నడుస్తుంది, ఆయిల్ కూడా వేరే రకం.

ఆర్-134ఎ మామూలు పీడనం దగ్గర మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. అంటే ద్రవం చర్మం మీద పడితే అక్కడే ఆవిరవుతూ కండను గడ్డకట్టించేస్తుంది. కంట్లో పడితే చెప్పక్కర్లేదు. కళ్ళజోడు, తోలు గ్లౌజులు లేకుండా ఏ నట్టూ వదులు చేయొద్దు. మూసిన గ్యారేజీలోనో, సెల్లార్‌లోనో చేయొద్దు. ఈ గ్యాసు గాలికంటే మూడు రెట్లు పైగా బరువు, నేలమీద పరుచుకుని మనం పీల్చే గాలిని తోసేస్తుంది. దగ్గర్లో సిగరెట్టు, వెల్డింగ్ ఉండకూడదు. మంట తగిలితే ఈ గ్యాసు విరిగి విషవాయువులు వస్తాయి.

ఇంకోమాట. లోపల మిగిలిన గ్యాసును 'ఉస్సు'మని గాలిలోకి వదిలేయడం మన షాపుల్లో మామూలైపోయింది. భూమిని వేడెక్కించడంలో కిలో ఆర్-134ఎ దాదాపు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 400 గ్రాములు వదిలితే 570 కిలోలు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, లీటరుకి 20 కిలోమీటర్లిచ్చే బండి దాదాపు 5,000 కిలోమీటర్లు తిరిగినంత. ఈ జాతి గ్యాసులు తగ్గించాలన్న 2016 కిగాలీ ఒప్పందానికి మన దేశం 2021లో ఆమోదం తెలిపింది కూడా. అందుకని గ్యాస్ ఉన్న బండిని విప్పాల్సి వస్తే, ముందు రికవరీ మెషిన్ ఉన్న వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళి లాగించండి. విజయవాడ ఆటోనగర్‌లో ఈ మెషిన్లున్న షాపులు దొరుకుతాయి. లాగిన గ్యాసు ఎన్ని గ్రాములో మెషిన్ చూపిస్తుంది, అది రాసిపెట్టుకోండి. ఎంత పోయిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

లీకు వెతకడం

అసలు పనంతా ఇక్కడే. లీకు దొరికితే మిగతాది బిగింపే.

గ్యాసుతో పాటు ఆయిల్ కూడా తిరుగుతుందని చెప్పాను కదా. గ్యాసు బయటికొచ్చే చోట ఆయిల్ కూడా చెమటలా ఊరుతుంది. దాని మీద దుమ్ము పడుతుంది. మా కృష్ణా జిల్లా రోడ్ల మీద దుమ్ముకేం కొదవ లేదు. కాబట్టి ముందు ఏమీ కడగకుండా, టార్చి వేసి జాయింట్లన్నీ ఒక్కొక్కటే చూడండి. నా బండిలో కండెన్సర్ మీదికి పైపు దిగే చోట ఇదే కనిపించింది. పైపు మిగతా పొడవంతా దుమ్ము పొడిగా ఉంది, ఊదితే లేచిపోతోంది. జాయింట్ చుట్టూ బొటనవేలంత మేర మాత్రం నల్లగా, తడిగా పట్టేసుకుని ఉంది. వేలితో రాస్తే జిడ్డు. పక్కనే ఇంజన్ ఆయిల్ కారే అవకాశం లేదు. మరి ఆ జిడ్డు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? అదే లీకు.

ఇలా అనుమానం ఉన్న చోట్లన్నీ గుర్తుపెట్టుకుని, అప్పుడు సబ్బు నీళ్ళు. రూపాయి షాంపూ ప్యాకెట్టు అర గ్లాసు నీళ్ళలో, నురగ రాకుండా మెల్లగా కలపండి. నురగ ముందే ఉంటే లీకు బుడగ ఏదో, మన నురగ ఏదో తెలియదు. పది నిమిషాలు ఏసీ నడిపి, ఇంజన్ ఆపేసి, తాళం జేబులో వేసుకుని అప్పుడు పట్టించండి. కొన్ని బండ్లలో ఇంజన్ ఆపినా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరుగుతుంది, వేళ్ళు జాగ్రత్త. పెయింట్ బ్రష్‌తో జాయింట్ చుట్టూ పూసి, కదలకుండా రెండు మూడు నిమిషాలు చూడండి. పెద్ద లీకు వెంటనే బుసబుసా పొంగుతుంది. చిన్నదైతే ఆవగింజంత తెల్లటి బుడగలు గుత్తిగా చేరతాయి. చాలామంది పూసీ పూయగానే తుడిచేసి "ఏం లేదు" అంటారు. కాసేపు ఆగాలి.

వెతికే వరస నాకు ఇలా కుదిరింది.

మొదట గ్యాస్ ఎక్కించే రెండు వాల్వులు. లావుపాటి పైపు మీద ఉండేది లో సైడు (పీడనం తక్కువ ఉండే వైపు), సన్నటి పైపు మీద ఉండేది హై సైడు (పీడనం ఎక్కువ ఉండే వైపు). ప్లాస్టిక్ మూత తీసి, లోపలి పిన్ను మీద ఒక్క చుక్క సబ్బునీళ్ళు వేయండి. బుడగ లేచి, పగిలి, మళ్ళీ లేస్తుంటే పిన్ను పోయినట్టే. గ్యాస్ కొట్టిన ప్రతిసారీ ఆ పిన్నునే నొక్కుతారు కదా, దాని రబ్బరు నలుగుతుంది. అంటే లీకు వెతక్కుండా ఏటా గ్యాస్ కొట్టించడమే ఇంకో లీకుకి దారి. పైన మూత ఊడిపోయిన బండ్లు బోలెడు చూశాను. ఆ మూత దుమ్ముకి మాత్రమే కాదు, దానిలోని రబ్బరు రింగు రెండో అడ్డుకట్ట కూడా.

తర్వాత పైపులు కలిసే ప్రతి జాయింటూ. కంప్రెసర్ దగ్గర రెండు, కండెన్సర్ దగ్గర రెండు, ఇంజన్ వెనక గోడ దగ్గర, గ్యాసును సన్న రంధ్రంలోంచి కూలింగ్ కాయిల్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు జాయింట్లు. రబ్బరు గొట్టాన్ని అల్యూమినియం పైపుకి నొక్కి బిగించిన చోట్లు కూడా.

ఆ తర్వాత కండెన్సర్. గ్రిల్ వెనక అన్నిటికంటే ముందు నిలబడి రాళ్ళ దెబ్బలు తినేది అదే. రెక్కల మధ్య జిడ్డు మచ్చ కోసం చూడండి. మా బావమరిది బందరులో ఉంటాడు. ఉప్పుగాలికి అతని బండి కండెన్సర్ కింది వరస రెక్కలు తెల్లటి పొడిగా రాలిపోయాయి. "బావా, ఎంసీల్ పెట్టేద్దామా?" అన్నాడు. ఎండాకాలం హై సైడులో పీడనం 250 పీఎస్ఐ దాటుతుంది, టైరులో ఉండేదానికి ఏడెనిమిది రెట్లు. ఎంసీల్ దానికి ఎంతసేపు ఆగుతుంది? కండెన్సర్ కొత్తది వేయించాం.

కంప్రెసర్ క్లచ్ వెనక, కింది భాగంలో ఆయిల్ చిమ్మినట్టు చారలుంటే షాఫ్టు సీలు. నెలల తరబడి ఏసీ వేయని బండ్లలో ఈ సీలు ఎండిపోతుంది. చలికాలంలో కూడా వారానికి ఓ పది నిమిషాలు ఏసీ వేయమనేది అందుకే.

ఇవేవీ కాకపోతే మిగిలింది డ్యాష్‌బోర్డ్ లోపలి కూలింగ్ కాయిల్. దానికి సబ్బునీళ్ళు అందవు. యూవీ డై వాడాలి. గ్యాసుతో పాటు కొద్దిగా ఈ రంగు ఎక్కించి, కొన్నాళ్ళు బండి నడిపి, చీకటి పడ్డాక పసుపు కళ్ళద్దాలు పెట్టుకుని యూవీ టార్చి కొడితే లీకు ఉన్న చోట ఆకుపచ్చ-పసుపు రంగు మెరుస్తుంది. డ్రెయిన్ పైపు మూతి దగ్గర ఆ మెరుపు కనిపిస్తే లోపలి కాయిల్ పోయినట్టే. రేడియేటర్ కూలెంట్ కూడా చాలావరకు ఇలాగే మెరుస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ దొరికితే ఇంకా తేలిక. గ్యాసు బరువు కాబట్టి దాని ముక్కును జాయింట్ కిందివైపు పెట్టి నెమ్మదిగా జరపాలి. కాయిల్ కోసమైతే బ్లోయర్ ఆపి పావుగంట ఆగి, డ్రెయిన్ పైపు దగ్గర పెట్టాలి. ఫ్యాను గాలిలో, ఈదురుగాలిలో ఆ మెషిన్ పనికిరాదు.

లోపల గ్యాసే లేకపోతే బుడగలెలా వస్తాయి? అప్పుడు నైట్రోజన్ కావాలి. మా వీధి చివర స్ప్లిట్ ఏసీలు బిగించే కుర్రాడు ఒకడున్నాడు. నైట్రోజన్ సిలిండర్, పీడనం అదుపు చేసే రెగ్యులేటర్, లోపలి గాలి లాగే వాక్యూమ్ పంపు, పీడనం చూపించే గేజ్ సెట్టు అన్నీ అతని దగ్గర ఉన్నాయి. ఇలాంటి కుర్రాడు ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఉన్నాడు, పరిచయం చేసుకోండి. కారుకి కావలసిందల్లా ఆర్-134ఎ క్విక్ కప్లింగులు (గొట్టాన్ని కారు వాల్వుకి తగిలించే ముక్కలు) రెండు. అవి విడిగా కొనుక్కుంటే చాలు, అతని గేజ్ సెట్టుకి అడాప్టర్‌తో బిగుస్తాయి. ఇంటి ఏసీ గ్యాసు గొట్టాల్లో మిగిలి ఉంటుంది, ముందు దాన్ని వాక్యూమ్‌తో లాగేయమనండి. రెగ్యులేటర్ లేకుండా నైట్రోజన్ సిలిండర్ కలపడమంటే బాంబు కలపడమే. నేను 150 పీఎస్ఐ దాటించను. ఆ పీడనంలో సబ్బునీళ్ళు పూస్తే సన్న లీకు కూడా దాక్కోలేదు. పంక్చర్ షాపు గాలి మాత్రం ఎక్కించొద్దు. దానిలో తేమ ఉంటుంది, మిగిలిన ఆర్-134ఎతో కలిసి పీడనంలో మండే ప్రమాదమూ ఉంది. ఆక్సిజన్ సంగతి తలపెట్టనే వద్దు, ఆయిల్ తగిలితే పేలుతుంది.

ఓ-రింగ్ మార్చడం

లోపల పీడనం సున్నా అని గేజ్ చూపించాకే స్పానర్ పట్టాలి. బ్లాకు జాయింట్లు చాలావాటికి ఒక్కటే బోల్టు, 10 నంబరు స్పానర్ సరిపోతుంది. నట్టు రకం జాయింటయితే రెండు స్పానర్లు కావాలి, ఒకటి పైపు పట్టుకోడానికి, ఒకటి తిప్పడానికి. ఒక్కదానితో తిప్పితే అల్యూమినియం పైపు మెలి తిరిగి, వందలో అయ్యే పని వేలల్లోకి వెళ్తుంది. విప్పే ముందు చుట్టూ దుమ్ము బ్రష్‌తో శుభ్రంగా తీసేయండి. విప్పగానే రెండు మూతులకీ పాలిథిన్ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చేస్తుంది.

పాత ఓ-రింగ్ బయటికి తీసి చూస్తే లీకు కథ మొత్తం దాని మీదే రాసి ఉంటుంది. నా బండిదాన్ని గోటితో నొక్కితే గట్టిగా, ప్లాస్టిక్ ముక్కలా ఉంది. గుండ్రంగా ఉండాల్సిన అంచు ఒకవైపు పలకలా నలిగి మెరుస్తోంది. కొత్తది పక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. ఇంజన్ వేడి పక్కన ఇన్నేళ్ళుంటే ఏ రబ్బరైనా అంతే. దాన్ని పుల్లతో తీయండి, స్క్రూడ్రైవర్‌తో గీరితే గాడిలో గీత పడి ఆ గీతే కొత్త లీకవుతుంది.

కొత్తవి కొనడానికి ఆటోనగర్ వెళ్ళి "తమ్ముడూ, ఏసీ ఓ-రింగులు కావాలి" అంటే, కౌంటర్లో కుర్రాడు "పచ్చవా, నల్లవా గురువుగారూ?" అన్నాడు. రంగు కాదు చూడాల్సింది. ఈ గ్యాసుకీ ఆయిల్‌కీ తట్టుకునే హెచ్ఎన్‌బీఆర్ రబ్బరా కాదా అని అడగండి. పచ్చరంగువి ఎక్కువగా ఆ రబ్బరే, కానీ అదే రబ్బరు నల్లగానూ వస్తుంది. నీళ్ళ కుళాయికి వేసే వాషరు సైజు సరిపోయినా వేయొద్దు, ఈ గ్యాసుకీ ఆయిల్‌కీ ఉబ్బిపోతుంది. పాతదాన్ని జేబులో వేసుకెళ్ళి మందం, వెడల్పు రెండూ కలిపి చూసుకోండి. పిన్నులు కూడా ఏసీవే అడగండి, టైరు వాల్వు పిన్ను చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ ఇక్కడ పనికిరాదు.

కొత్త రింగుకి ఏసీ ఆయిల్ ఒక చుక్క రాసి గాడిలో కూర్చోబెట్టండి. పొడిగా బిగిస్తే మెలిపడి తెగుతుంది. గ్రీజు, టెఫ్లాన్ టేపు, గమ్ము ఏవీ వద్దు. పైపు తిన్నగా లోపలికి కూర్చున్నాక, బోల్టు చేత్తో చివరిదాకా తిప్పి, అప్పుడు స్పానర్ వేయండి. చిన్న స్పానర్‌తో మణికట్టు బలం చాలు. లీకు ఆగాల్సింది రబ్బరు వల్ల, మన కండబలం వల్ల కాదు.

ఏ జాయింట్ విప్పితే ఆ జాయింట్ రింగు కొత్తది. రెండు పిన్నులూ కూడా ఇదే అదనుగా మార్చేయండి. కండెన్సర్ మారిస్తే లోపలి తేమను పీల్చే డ్రయ్యర్ కూడా మారాలి, చాలా బండ్లలో అది కండెన్సర్‌తోనే కలిసి వస్తుంది. లీకు వల్ల లైను చాలాకాలం ఖాళీగా, తెరుచుకుని ఉండిపోయినా డ్రయ్యర్ మార్చాల్సిందే. కండెన్సర్ మార్చినప్పుడు పాతదానిలో ఉండిపోయిన ఆయిల్‌కి బదులుగా కొద్దిగా కొత్త ఆయిల్ పోయాలి. ఎన్ని మి.లీ., ఏ గ్రేడు పాగ్ ఆయిల్ (ఆర్-134ఎ ఏసీల్లో వాడే ఆయిల్) అన్నది సర్వీస్ మాన్యువల్‌లోనో, కంప్రెసర్ మీది లేబుల్‌లోనో ఉంటుంది. ఒక్క ఓ-రింగ్ మార్చినందుకు ఆయిల్ పోయక్కర్లేదు.

వాక్యూమ్: ఇక్కడ తొందర పనికిరాదు

షాపుల్లో ఎక్కువగా ఎగ్గొట్టేది ఇదే. ఐదు నిమిషాలు పంపు పెట్టి "అయిపోయింది సార్" అంటారు. గాలి ఐదు నిమిషాల్లో పోతుంది, తేమ పోదు.

నీళ్ళు మరగడానికి 100 డిగ్రీలే అక్కర్లేదని ఇంటర్ పాఠమే చెబుతుంది. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం దాదాపు 32 మిల్లీమీటర్ల పాదరసం. బయట మన చుట్టూ ఉన్న గాలి పీడనం 760. గొట్టాల్లో పీడనాన్ని 32 కంటే కిందికి దింపితే లోపల అంటుకున్న తేమ ఆ ఎండవేడికే మరిగి ఆవిరై పంపులోకి వచ్చేస్తుంది. గేజ్ మీద ఇది దాదాపు మైనస్ 29 అంగుళాల (పాదరసం) గుర్తు దగ్గర. అక్కడిదాకా దింపి, ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే ముప్పావుగంట పంపు నడవాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో చేస్తే ఈ ఒక్క పనికి మాత్రం ఎండ సాయం చేస్తుంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో లాగేవాళ్ళున్నారు, దానితో అంత లోతు అందడం కష్టం.

ఆ తేమ లోపలే ఉండిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్న రంధ్రం దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది. ఏసీ కాసేపు చల్లగా వచ్చి ఆగిపోతుంది, ఆపి వేస్తే మళ్ళీ వస్తుంది. పైగా ఆయిల్‌తో కలిసి లోపలి లోహాన్ని తినేస్తుంది.

ముప్పావుగంట అయ్యాక గేజ్ వాల్వులు రెండూ మూసి, తర్వాత పంపు ఆపండి. వరస మారితే గాలి వెనక్కి లాగుతుంది. ఇక గంటసేపు ముల్లు కదలకూడదు. కొద్దిగా పైకి జరిగి ఒకచోట నిలబడిపోతే లోపల ఇంకా తేమ ఉన్నట్టు, మళ్ళీ పంపు పెట్టండి. ఆగకుండా పైకి ఎక్కుతూనే ఉంటే లీకు మిగిలి ఉంది. అయితే వాక్యూమ్ నిలిచిందంటే లీకు లేదని పూర్తి భరోసా కాదు. వాక్యూమ్‌లో బయటి గాలి లోపలికి నొక్కేది సుమారు 15 పీఎస్ఐతోనే. నడిచేటప్పుడు గ్యాసు లోపలినుంచి నొక్కేది 200 పైన. నైట్రోజన్ పరీక్ష ముందే చేయమన్నది అందుకు.

గ్యాస్ ఎక్కించడం

గ్యాసు తూకం ప్రకారం ఎక్కించాలి, గేజ్ చూసి కాదు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 35 డిగ్రీల వేడిలో గేజ్ సుమారు 114 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల ద్రవం కొంచెం మిగిలి ఉన్నంతవరకు, 200 గ్రాములున్నా 400 గ్రాములున్నా అంకె అదే. సంతృప్త ఆవిరి పీడనం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది, ఎంత ద్రవం ఉందన్నదాన్ని బట్టి కాదు. ఆ అంకె చూసి "ఫుల్లు" అనేవాళ్ళని నమ్మొద్దు. 50 చూపిస్తే మాత్రం ద్రవం బొత్తిగా లేదని అర్థం.

వంటింటి డిజిటల్ కాటా తెచ్చుకోండి, ఇంట్లో ఆవిడ అనుమతితోనే సుమా. చిన్న టిన్ను దాని మీద పెట్టి, గేజ్ సెట్టు నుంచి టిన్నుకి వచ్చే పసుపు గొట్టంలోని గాలిని కొంచెం గ్యాసుతో తోసేసి, ఇంజన్ ఆపి ఉండగానే నీలం వాల్వు, అంటే లో సైడు, తెరవండి. వాక్యూమ్ ఉంది కాబట్టి కొంత గ్యాసు దానంతటదే లాక్కుంటుంది. అది ఆగాక ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ ఫుల్లు, బ్లోయర్ ఫుల్లు, తలుపులన్నీ తెరిచి పెట్టి మెల్లగా ఎక్కించండి. టిన్ను నిలువుగానే ఉండాలి. తలకిందులు చేస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోయి దాన్ని విరగ్గొడుతుంది. ఎర్ర వాల్వు, అంటే హై సైడు, ఇంజన్ తిరుగుతున్నంతసేపూ మూసే ఉండాలి. పొరపాటున తెరిస్తే 200 పైన పీడనం వెనక్కి టిన్నులోకి వస్తుంది, ఆ రేకు దానికి ఆగదు. టిన్ను చల్లబడి మంచు పడితే గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి. వేడినీళ్ళు, మంట వద్దు.

స్టిక్కర్ మీది అంకె రాగానే ఆపేయండి. "ఇంకో రెండు గ్రాములు పోస్తే ఇంకా చల్లగా" అనేది ఏసీ విషయంలో తిరగబడుతుంది. ఎక్కువైతే హై సైడు పీడనం పెరిగి చల్లదనం తగ్గుతుంది. 35-40 డిగ్రీల ఎండలో నాకు మామూలుగా లో సైడు 30-50, హై సైడు 200-275 మధ్య కనిపిస్తుంది. హై సైడు 300 దాటితే ఆపేసి, ఫ్యాను తిరుగుతోందా, కండెన్సర్ రెక్కల్లో బురద ఉందా, గ్యాసు ఎక్కువైందా చూడండి. మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెడితే తలుపులు మూసి కాసేపయ్యాక 8 నుంచి 12 డిగ్రీలు రావాలి.

టిన్ను కొనేచోట మాత్రం పిసినారితనం వద్దు. 134ఎ పేరుతో నకిలీ గ్యాసులు ప్రపంచమంతా ఉన్నాయి. కొన్నిట్లో మిథైల్ క్లోరైడ్ కలుస్తుంది, అది అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే మండే పదార్థాన్ని తయారుచేస్తుంది. చవగ్గా వస్తుందని వంటగ్యాసు నింపేవాళ్ళున్నారు. బాగా చల్లగా ఉంటుంది కూడా, అదే దానిలో మోసం. లోపలి కాయిల్ లీకయితే ఆ వంటగ్యాసు మీరు కూర్చున్న క్యాబిన్‌లోకే వస్తుంది. లీకు మూసే మందు అని అమ్మే 'స్టాప్ లీక్' టిన్నులు కూడా నేను వాడను. అది లీకు దగ్గర గట్టిపడినట్టే ఎక్స్‌పాన్షన్ వాల్వులోనూ గట్టిపడుతుంది, రికవరీ మెషిన్‌ని కూడా పాడుచేస్తుంది. మందు వేసిన బండి అంటే మంచి షాపువాళ్ళు మెషిన్ పెట్టడానికే ఒప్పుకోరు.

లోపలి కూలింగ్ కాయిల్ పోయిందని తేలితే, కంప్రెసర్ షాఫ్టు సీలు అయితే, నేను షాపుకే ఇస్తాను. కాయిల్ కోసం చాలా బండ్లలో డ్యాష్‌బోర్డ్ మొత్తం దించాలి, ఎయిర్‌బ్యాగ్ వైర్లు విప్పాలి. ఇచ్చేటప్పుడు మాత్రం "గ్యాస్ కొట్టండి" అనకండి. "లీకు ఫలానా చోట ఉంది, ఆ కాయిల్ మార్చి, ముప్పావుగంట వాక్యూమ్ పెట్టి, స్టిక్కర్ మీదున్నన్ని గ్రాములు తూచి ఎక్కించండి" అనండి. మాట తీరు మారితే బిల్లు కూడా మారుతుంది, చూడండి.

పని అయ్యాక రెండు వాల్వుల మూతలూ బిగించండి. మార్చిన జాయింట్ల చుట్టూ జిడ్డు పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. వారం పది రోజులు బండి తిప్పాక మళ్ళీ అదే షాంపూ నీళ్ళు, అదే బ్రష్. అక్కడ పొడి దుమ్ము తప్ప ఏమీ కనిపించకపోతే స్టిక్కర్ పక్కనే మార్కర్‌తో తేదీ, ఎక్కించిన గ్రాములు రాసి బానెట్ దించేయండి.